నల్ల బానెట్ మీద గుండ్రటి గీతలు

ఆ ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు సిరిసిల్లలోని మా షెడ్డులో ఉన్నవాళ్లు, ఉన్నవి ఇవి. నేను. నాయిన. అక్క. కోరుట్లలో కార్లకు పెయింట్ వేసే చాచా, ఆయన టిఫిన్ డబ్బా. అమ్మ పక్కనే ఇంట్లో ఉంది, కానీ చాయ్ పళ్లెంతో నాలుగుసార్లు వచ్చి వెళ్లింది కాబట్టి ఆమెనూ లెక్కలో వేసుకోవాలి. మరమగ్గాలు ఎనిమిది; మా దగ్గర వాటిని సాంచాలంటాం; సెలవు కాబట్టి అన్నీ ఆగి ఉన్నాయి. ట్యూబులైట్లు పన్నెండు, వెలిగేవి పదకొండు. పదకొండేళ్ల నల్ల కారు ఒకటి. కొత్త పాలిషింగ్ మిషను ఒకటి, ప్యాడ్లు ఎనిమిది, పాలిష్ సీసాలు రెండు, మాస్కింగ్ టేపు చుట్టలు మూడు, బకెట్లు రెండు, మైక్రోఫైబర్ బట్టలు పన్నెండు. పెయింటు మందం కొలిచే మీటరు ఒకటి, మా కాలేజీ ల్యాబ్ రిజిస్టరులో సంతకం పెట్టి తెచ్చింది. కారు లోపల నాయిన పెట్టుకున్న గుడ్డముక్కలు: అప్పటికి లెక్కపెట్టలేదు.

సాయంత్రం ఆరు వరకు నాకు గడువు. ఆలోపు కారు నలుపు తిరిగి రాకపోతే సోమవారం పొద్దున కోరుట్లలో చాచా షెడ్డుకు పోతుంది. అక్కడ దాని ఒంటి మీద ఉన్న పెయింటంతా గీకేసి కొత్తది కొడతారు.

ఇది నాయినకు ఎందుకంత పెద్ద విషయమో చెప్పాలి. మా వాడలో మొదట కొన్న కారు అది. నలుపు వద్దని, శని రంగని చుట్టాలు ఎంత చెప్పినా వినకుండా నలుపే కొన్నాడు. పదకొండేళ్లలో బయటి పెయింటు ఒక్క చుక్క పడనివ్వలేదు. ఎవరైనా కారు బాగుందంటే ఆయన చెప్పే మాట ఒకటే: "కంపెనీ పెయింట్. బయట చుక్క వడలే." బట్ట నేసే మనిషి కాబట్టి ఆయనకు ఇందులో ఒక సిద్ధాంతం కూడా ఉంది. నూలుకే పట్టించిన రంగు వేరు, నేసిన తరువాత పైన వేసిన రంగు వేరు. మొదటిది బట్టలో ఉంటుంది, రెండోది బట్ట మీద ఉంటుంది.

అక్కకు వ్యవసాయ శాఖలో ఉద్యోగం వచ్చి మేడిపల్లిలో పోస్టింగయింది. నాకు జగిత్యాలలో ఇంజినీరింగ్ కాలేజీ మెకానికల్ ల్యాబులో ఉద్యోగం; మేమిద్దరం అక్కడే రెండు గదుల ఇంట్లో అద్దెకుంటాం. ఏడాదిగా ఆమె స్కూటీ మీద పోయివస్తోంది, వానాకాలం పొలాల వెంట తిరిగి మోకాళ్ల దాకా బురదతో ఇల్లు చేరుతోంది. కారు ఆమెకు ఇచ్చేద్దామని నాయిన అనుకున్నాడు. ఇచ్చేముందు దాన్ని ఎండలోకి తీసి ఒకసారి తేరిపార చూశాడు. మేము పండక్కి కాదు, మామూలుగా ఒక శనివారం ఇంటికి పోయినప్పుడు ఆ విషయం బయటికి తీశాడు.

"బిడ్డ ఆఫీసు ముందల గీ బండి నిలవెడితె నలుగురు ఏమంటరు? ఎండ మొత్తం తినేసింది. పెయింట్ ఏపిచ్చి ఇస్త. కోరుట్ల భాయ్‌తోని మాట్లాడిన, మూడు వారాలకు సోమవారం రమ్మన్నడు."

"నాకు గిట్లనే ఇయ్యి నాయినా," అంది అక్క. "పదకొండేండ్ల సంది కంపెనీ పెయింట్, కంపెనీ పెయింట్ అని మా చెవులు తిన్నవ్. తీరా నాకిచ్చేటప్పుడు గీకిస్తవా?"

"మరి నువ్వే సూడు. బూడిద పూసినట్టున్నది."

నిజంగానే అలా ఉంది. నీడలో నలుపు, ఎండలోకి వస్తే బూడిద. సూర్యుడి చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు. నేను దగ్గరికి పోయి చూసి, రంగు పోలేదని చెప్పాను. రంగు మీద పారదర్శకంగా ఇంకో పొర ఉంటుంది, గీతలు దాని మీద ఉన్నాయి, ఆ పొరను మిషనుతో వెంట్రుకలో వంతు అరగదీస్తే కింద నలుపు నలుపులాగే ఉంటుందని చెప్పాను.

"నువ్వు కాలేజీల లేత్ మిషన్ దగ్గర నిలవడ్తవ్. కారు పని నీకేం ఎర్క?"

"ఒక్క ఆదివారం ఇయ్యి నాయినా. అయితదో కాదో తేలిపోతది."

ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తరువాత, "సరే తియ్యి. ఖరాబ్ చేసినా పొయ్యేదేం లేదు, సోమవారం ఎట్లన్నా గీకేదే," అన్నాడు. అనడానికి అలా అన్నాడు కానీ, అంటూ డోరు మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరాడు. నాకు ఆ చెయ్యి మాటకంటే బాగా గుర్తుంది.

ఒక నిజం ఒప్పుకోవాలి. అప్పటికి నేను పాలిషింగ్ మిషను ముట్టుకోను కూడా లేదు.

జగిత్యాలకు వచ్చి పట్టిక గీశాను. ఏది కొనాలన్నా ముందు పట్టిక గీయడం నాకు అలవాటు. అక్క దాన్ని ఫోన్‌లో అమ్మకు వర్ణించింది: "తమ్మి ఉప్మా చెయ్యాలన్నా టేబుల్ గీస్తడే అమ్మా. గందుకే మా ఇంట్ల పొద్దటి టిఫిన్ పగటీలి తింటం."

మొదట ఒక కార్ల సామాన్ల దుకాణానికి పోయి పాలిష్ అడిగాను. అతను ఒక సీసా చేతిలో పెట్టి, రాయండి, తుడవండి, అద్దంలా మెరుస్తుందన్నాడు. వెనక అక్షరాలు చదివితే అది మైనం. మైనం గీతలను నింపి దాస్తుంది, నాలుగు వానలకు పోతుంది, గీతలు ఎక్కడివక్కడే ఉంటాయి. పాలిష్‌లో కంటికి కనబడని రాపిడి రేణువులుంటాయి. అది దాచదు, అరగదీస్తుంది. ఈ రెండింటికీ మా ఊళ్లో ఒకే పేరు ఉండటం వల్ల, అడిగినవాడు ఒకటి అడిగితే ఇచ్చినవాడు ఇంకొకటి ఇస్తాడు. సీసా తిరిగి ఇచ్చేశాను.

మిషన్లలో రెండు జాతులు. రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది, త్వరగా కోస్తుంది, వేడి పుట్టిస్తుంది. డ్యూయల్ యాక్షన్ అనేది తిరుగుతూనే చిన్నగా ఊగుతుంది, అందుకే వేడి ఒకచోట నిలవదు. ఆ ఊపు ఎంత అనేదాన్ని బట్టి ఎనిమిది మిల్లీమీటర్లు, పదిహేను, ఇరవై ఒకటి. ఎనిమిదిది వంపుల మీద బాగా నడుస్తుంది కానీ నిదానం. ఇరవై ఒకటిది చదునైన బానెట్ మీద రాజు, వంపు రాగానే మొండికేస్తుంది. నా పట్టికలో మొదటి స్థానం మాత్రం రోటరీకే వచ్చింది. మెకానికల్ చదివినవాడిని కదా, తక్కువ భాగాలున్న యంత్రాన్ని నమ్మడం మాకు నేర్పిన చదువు.

కొనేముందు ఒకసారి చేత్తో పట్టి చూద్దామని కోరుట్ల పోయాను. అమ్మ పుట్టిల్లు అక్కడే. నాయిన అత్తగారింటికి పోయినప్పుడల్లా కారును పక్క సందులో ఉన్న చాచా షెడ్డు నీడలో పెట్టి, తనూ అక్కడే కూర్చుంటాడు. ఏడేళ్ల దోస్తీ. చాచా ముప్పై ఏళ్లుగా రోటరీ మిషను తిప్పుతున్నాడు. నన్ను చూడగానే స్టూలు జరిపాడు.

"ఏం బేటా, నా గిరాకి గుంజుకోనికె వచ్చినవా? మీ నాయిన సోమవారం రాకపోతె నా పని పోతది, తెలుసు గద."

"తెలుసు చాచా."

"తెలిసీ నన్నే అడుగుతున్నవ్, మిషన్ ఎట్ల పట్టాల్నని."

"ఇంకెవర్నడగాలె?"

ఆయన కాసేపు గడ్డం గోక్కుని, మూలనున్న పాత బానెట్‌ను చూపించాడు. ఎవరిదో గుద్దుకున్న కారుది, అదీ నలుపే. దాన్ని రెండు డ్రమ్ముల మీద పరిచి, ఉన్ని ప్యాడ్ తగిలించిన రోటరీని నా చేతిలో పెట్టాడు. "అంచుకు పోకు. మిగిలింది నీ ఇష్టం."

అంచుకు పోనని నేననుకున్నాను. మిషనే పోయింది. మధ్యలో వంపు గీత ఒకటుంది, అదీ ఒక అంచేనని నాకు తట్టలేదు; దాని మీదికి రాగానే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కాలిన వాసన వచ్చింది. తీసి చూస్తే నలుపు పోయి కింద బూడిద రంగు ప్రైమరు రూపాయి బిళ్లంత కనబడుతోంది.

"ఎంతసేపయింది?" అన్నాడు చాచా.

"మూడు సెకన్లు ఉంటది."

"నేను నేర్చుకున్నప్పుడు రెండు సెకన్లల కాల్చిన. నువ్వు నయం." టిఫిన్ డబ్బా మూత తీసి నాకో ఖర్జూరం ఇచ్చాడు. "గీ మిషన్ చేతికి రావాలంటె యాడాది కావాలె బేటా. నీకు మూడు వారాలున్నయి. ఊగేది కొనుక్కో. గది నాకు నచ్చదు, మసాజ్ మిషన్ లెక్కుంటది. గని కాల్చదు. ఇంకోటి యాదికి పెట్టుకో. మిషన్ ఒకటి చాలు, ప్యాడ్లు మాత్రం పది కావాలె. మైలపడ్డ ప్యాడ్‌తోని రుద్దితె బండి మీద మైలనే రుద్దినట్టు."

పట్టికలో మొదటి స్థానం అక్కడికక్కడే కొట్టేసి మార్చాను. పదిహేను మిల్లీమీటర్ల ఊపు, ప్యాడ్ తగిలించే పళ్లెం ఐదంగుళాలు. ప్యాడ్లు ఎనిమిది: మైక్రోఫైబర్ కోత ప్యాడ్లు మూడు, మధ్యరకం ఫోమువి నాలుగు, మెత్తనిది ఒకటి. పది చెప్పిన మనిషి దగ్గర ఎనిమిది కొనడం నా పొదుపు, దాని సంగతి తరువాత చెబుతాను. సీసాలు రెండు, కోసేది ఒకటి, మెరుగు పెట్టేది ఒకటి.

వచ్చేముందు చాచా నాకు ఇంకో విషయం చూపించాడు. అదే మూడు వారాలూ నన్ను తినేసింది.

ఆ పాత బానెట్ మీదే అరచేయంత చోటును తన మిషనుతో అద్దంలా చేశాడు. తరువాత అలమరలోంచి తెల్లటి పాలిస్టర్ గుడ్డముక్క ఒకటి తీశాడు. నాకు చూడగానే తెలిసింది, మా సాంచాల మీదిది. సిరిసిల్లలో పడుగు నూలు చుట్టిన ఒక బీము నేత అయిపోయినప్పుడు చివర మూరెడు ముక్క మిగులుతుంది. అది అమ్మకానికి పోదు. ప్రతి ఇంట్లో పొయ్యిగట్టు తుడిచేది, సైకిల్ తుడిచేది, పిల్లల ముక్కు తుడిచేది ఆ ముక్కే. చాచా దాన్ని నేల మీది దుమ్ముకు ఒకసారి అద్ది, ఆ అద్దం మీద గుండ్రంగా పదిసార్లు తిప్పి, ఫోను లైటు వేశాడు. సాలెగూడు.

"గీ గుడ్డ దుమ్మును మింగది బేటా. మీదనే పట్టుకొని గుంజుతది. గీ కట్ట మీ నాయిననే తెచ్చిచ్చిండు. నేను సీట్లు దులుపుకుంట గని పెయింట్‌కు తాకనియ్య."

"మా నాయినకు చెప్పలేదా?"

"ఏడేండ్ల సంది చెప్పాల్ననే అనుకుంటున్న. వచ్చుడుతోనే గుడ్డ తీసి బండి తుడుసుకుంటడు. పూజ చేసినట్టు తుడుస్తడు. గట్ల తుడిసెటోనికి ఏమని చెప్పాలె?"

అంటే ఎండ కాదు. పదకొండేళ్లు, రోజుకు రెండు పూటలు, తన సాంచా మీద తనే నేసిన గుడ్డతో, కారు మీద ప్రేమతో నాయినే ఆ గీతలు గీశాడు.

బస్సులో నా ముందు మూడు దారులు రాసుకున్నాను. పనికి ముందే చెప్పడం, పని అయ్యాక చెప్పడం, చెప్పకపోవడం. అక్కకు చూపిస్తే ఆమె మూడింటికీ పక్కన ఒక్కో మాట చెప్పింది. "ముందుగాల చెప్తె ఆయన అన్నం తినడు. ఎన్క చెప్తె అయిన పని సంబురం పోతది. చెప్పకపోతె నెలరోజులల్ల మళ్ల గిట్లనే అయితది."

"మరి ఏం చేద్దాం?"

"నువ్వే చెప్పు. నేను గప్పుడు చాయ్ తేనీకె పోత."

ఆ కాగితాన్ని ఏదీ తేల్చకుండానే జేబులో మడిచి సిరిసిల్లకు తెచ్చాను.

షెడ్డులో పని చేయాలన్నది అక్క ఆలోచన. ముందు భాగంలో బీములు, గుడ్డ తాన్లు దించడానికి ఖాళీ స్థలముంది, ట్రాలీ లోపలికి వచ్చే షట్టరుంది, ఎండ పడదు. ఎండలో పాలిష్ ఎండిపోతుంది. పైన వరుసగా ట్యూబులైట్లు. కారును లోపల పెట్టి లైట్లు వేయగానే బానెట్ మీద పదకొండు తెల్లటి చారలు పడ్డాయి, ప్రతి చార చుట్టూ గీతలు నిలబడి కనిపించాయి. ఊళ్లో అంతకంటే మంచి పరీక్షా దీపాలు దొరకవు.

చాచా సెలవుపూట అంతదూరం ఎందుకు వచ్చాడని అమ్మ అడిగితే, "నా గిరాకి ఎట్ల పోతదో నేనే సూసుకోవాలె గదా అక్కా," అన్నాడు.

ముందు కడిగాం. సబ్బునీళ్ల బకెట్ ఒకటి, బట్ట జాడించడానికి మంచినీళ్ల బకెట్ ఒకటి. తరువాత ఒక రకం మెత్తటి మట్టిముద్దతో పెయింటు మీద అతుక్కున్న మురికిని లాగేశాం. అక్క అంచులన్నిటికీ, నల్ల ప్లాస్టిక్కుకూ టేపు వేసింది. నేను వేసిన చోట పీకి మళ్లీ వేసింది. "చదువు ఎక్కువైనోళ్లకు టేపు సక్కగ రాదు," అంది. బానెట్ మీద తొమ్మిది చోట్ల మీటరు పెట్టి రాసుకున్నాను. సగటు నూట పదిహేడు మైక్రాన్లు, ఒకచోటికీ ఇంకోచోటికీ తేడా నాలుగైదుకు మించలేదు. ఇంత సమంగా ఉందంటే నాయిన మాట నిజమే, బయటి చుక్క పడలేదు.

బానెట్ నడుమ నిలువుగా టేపు వేసి, కుడి సగం మాత్రం చేయడం మొదలుపెట్టాను. మెత్తటి దానితో మొదలుపెట్టి అవసరమైతేనే గట్టిదానికి పోవాలన్నది నియమం. మెత్తని ప్యాడ్, మెరుగు సీసా: ఏమీ కాలేదు. మధ్యరకం ప్యాడ్, అదే సీసా: గీతలు కొంచెం సిగ్గుపడ్డాయి, పోలేదు. మైక్రోఫైబర్ ప్యాడ్, కోసే సీసా, శనగగింజంత చుక్కలు నాలుగు, రెండడుగుల చదరం, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి, నిదానంగా. తుడిచి చూస్తే గీతలు లేవు, పలచటి పొగలాంటి మసక ఉంది. దాని మీద మధ్యరకం ప్యాడ్, మెరుగు సీసా. మసక పోయింది. నూనె ఏదైనా గీతలను దాస్తోందేమోనని ఆల్కహాలుతో తుడిచాను. నిజమే, పోయాయి.

నాయిన అంతసేపూ మాకు వీపు పెట్టి, కిటికీ దగ్గర గుడ్డ మడతపెట్టే బల్ల మీద ఎవరో నేసిన గుడ్డ తాను పరీక్షిస్తూ కూర్చున్నాడు. అవసరం లేని పని. ఆదివారం గుడ్డ చూసే అలవాటు ఆయనకు లేదు.

పదకొండున్నరకు టేపు పీకాను. "నాయినా, ఒకసారి రా."

వచ్చాడు. ఎడమ సగం బూడిద. కుడి సగంలో ట్యూబులైట్లు గీటుగీసినట్టు నిలబడ్డాయి, వాటి కింద నాయిన ముఖం, ఆ ముఖం మీద కళ్లద్దాలు, అద్దాల మీద మళ్లీ ట్యూబులైట్లు. ఆయన ఒకే లైటు ఉంచి మిగతావి ఆపమన్నాడు. అక్క ఆపింది. ఆయన వంగి, తల పక్కకు వాల్చి, ఒక కన్ను సగం మూసి, బానెట్‌ను ఏటవాలుగా చూశాడు. గుడ్డ తాను మీద తెగిన పోగును ఆయన అలాగే పట్టుకుంటాడు. ముందు కుడి సగం. తరువాత ఎడమ సగం. ఎడమ సగం దగ్గర ఎక్కువసేపు ఆగాడు.

"గిది ఎండ కాదురా," అన్నాడు.

నేను మిషను వైరు చుట్టసాగాను.

"ఎండ తింటె మొత్తం తింటది. గీతలు గియ్యది. గివి గుండ్రంగ ఉన్నయి." ఆయన చెయ్యి గాలిలో గుండ్రంగా తిరిగింది. ఒకసారి, రెండుసార్లు. అది ఆయనకు అలవాటైన తిప్పుడు, రోజూ పొద్దున మేము చూసే తిప్పుడు. మూడోసారి మధ్యలో ఆగింది. "గిది చెయ్యి. నా చెయ్యి."

అక్క చాయ్ తేవడానికి పోలేదు. చాచా తన టిఫిన్ డబ్బా మూతను మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

"భాయ్. నీకెర్కనా?"

"ఏడేండ్ల సంది ఎర్కనే సేట్."

"చెప్పకపోతివి."

"నువ్వు గంత ముద్దుగ తుడుస్తుంటివి. ముద్దు చెయ్యకని ఎట్ల చెప్తరు?"

నాయిన నా వైపు తిరిగాడు. "నీకు?"

"మూడు వారాలైంది."

"మీ అక్కకు?"

"నాకు రెండు వారాల ఇరవై దినాలు," అంది అక్క. లెక్క తప్పు. కంగారులో ఆమె ఏ లెక్కయినా తప్పుతుంది. నేను సరిచేయబోయి ఆగాను.

నాయిన బానెట్ అంచు మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. మరుక్షణం తెలిసింది, నవ్వుతున్నాడు. శబ్దం లేకుండా మొదలైన నవ్వు పైకి వచ్చేసరికి ఎనిమిది సాంచాల మధ్య మోగింది.

"నా గుడ్డ. నా సాంచ. నా చెయ్యి. పదకొండేండ్లు బండి మీద డిజైన్ ఏసినన్నట్టు." కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "గిసొంటి తప్పులున్న తాను ఎవడన్న తెస్తె వాన్ని ఈ షెడ్డుల మళ్ల నిలవడనిచ్చెటోన్ని కాదు."

"నిన్ను ఎల్లగొట్టుమంటవా మరి?" అంది అక్క.

"ఎల్లగొట్టినా ఇంకో బండి తుడుసుకుంటనే ఉంట. ఎటు పోత?" అని, నా చేతిలోని మిషను వైపు చూశాడు. "ఇటియ్యి. ఎట్ల పట్టాలె?"

మధ్యాహ్నం నుంచి మేమిద్దరం వంతులవారీగా చేశాం. ఇక్కడ నాకు తెలియని ఒక సంగతి నాయిన నేర్పాడు. ఇలాంటి మిషనులో బరువు ఎక్కువ వేస్తే ప్యాడ్ ఊగుతుంది కానీ తిరగడం ఆగిపోతుంది, అప్పుడు పని జరగదు. అది కనిపించడానికి పళ్లెం అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీసుకోవాలని చదివాను, గీసుకున్నాను, దాన్నే చూస్తూ పని చేశాను. నాయిన గీతను చూడనేలేదు. నేను డోరు వంపు మీద ఉన్నప్పుడు, వెనక బల్ల దగ్గర నుంచే, "ఆగింది," అన్నాడు. చూస్తే నిజంగానే ఆగింది. ఎనిమిది సాంచాలు ఒక్కసారి మోగుతుంటే అందులో ఏ సాంచా మీద పోగు తెగిందో శబ్దాన్ని బట్టి చెప్పే చెవులవి. గంట గడిచేసరికి ప్యాడ్ పాలిష్‌తో నిండిపోయిన సంగతీ చెవితోనే చెప్పడం మొదలుపెట్టాడు. "మోత బరువైంది. మార్చు." మారిస్తే గీతలు సగం సమయంలో పోయాయి.

అలా మార్చడం వల్లనే మూడు గంటలకల్లా ప్యాడ్లు అయిపోయాయి. ఎనిమిదీ తడిసి, మైలపడి, బల్ల మీద వరుసగా ఉన్నాయి. చాచా వాటిని వేలితో లెక్కపెట్టి నా ముఖం చూశాడు.

"పది చెప్పిన."

"చెప్పినవ్ చాచా."

"ఎనిమిది కొన్నవ్."

"కొన్న."

"ఇంజినీర్," అని అమ్మతో అన్నాడు, జబ్బు పేరు చెప్పినట్టు. అమ్మ నాలుగు ప్యాడ్లు ఇంట్లోకి తీసుకుపోయి, సబ్బుతో ఉతికి, ఫ్యాను కింద ఆరబెట్టి, నలభై నిమిషాలకు చాయ్‌తో పాటు పళ్లెంలో పెట్టి తెచ్చింది. కారు పైకప్పును మోసే సన్నని పిల్లర్ల దగ్గర ఐదంగుళాల పళ్లెం పట్టలేదు. అక్కడ చాచా ప్యాడ్‌ను అరచేత్తో పట్టుకుని మిషను లేకుండానే చేశాడు. తన గిరాకిని తనే చెడగొట్టుకుంటున్నానని ప్రతి పిల్లరు దగ్గరా ఒకసారి గుర్తుచేశాడు.

ఎడమవైపు వెనక డోరు మీద ఒక గీత ఎంతకూ పోలేదు. గోరుతో అడ్డంగా గీస్తే గోరు ఆగుతోంది. గోరు ఆగే గీత పారదర్శక పొరను దాటి దిగిందని అర్థం, దాన్ని పాలిష్ తీయలేదు. దాని మీద ఇంకో రెండుసార్లు తిప్పబోతుంటే అక్క ఆపింది.

"గది నేను డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడు గేటుకు తాకింది. ఉండనియ్యి. బండి నాదని గుర్తుండాలె గదా."

ఐదుంబావుకు టేపులన్నీ పీకేశాం. షట్టరు పైకెత్తి కారును బయటికి తీశాం. సాయంత్రపు ఎండ ఏటవాలుగా సరిగ్గా బానెట్ మీద పడింది. సూర్యుడు ఒక్కడే ఉన్నాడు, చుట్టూ సాలెగూడు లేదు. ఎదురింటి గోడకున్న ఎర్రగులాబీ రంగు బానెట్‌లో నిజంకంటే కొంచెం బాగుంది. చాచా ఫోను లైటుతో చుట్టూ రెండుసార్లు తిరిగాడు, మూడుచోట్ల వంగాడు, లేచాడు. తరువాత లైటు ఆపి, అదే ఫోనులో కోరుట్లలో తన పనివాడికి చెప్పాడు: "రేపటి నల్ల బండి లేదు. సేట్‌ది అవసరం లేదు. నువ్వు ఇంట్లనే ఉండు." ఫోను పెట్టేసి నాతో అన్నాడు: "నీ మసాజ్ మిషన్ నాకో వారం ఇయ్యి. నచ్చిందని కాదు. సూస్త అంతే."

మీటరు పెట్టి అవే తొమ్మిది చోట్లా మళ్లీ కొలిచాను. నాయిన పక్కనే నిలబడి ఒక్కో అంకె చదివించుకున్నాడు.

"ఎంత పోయింది?"

"సగటున మూడు మైక్రాన్లు నాయినా. నూట పద్నాలుగు ఉన్నది."

"నూట పద్నాలుగూ కంపెనీదేనా?"

"మొత్తం కంపెనీదే."

ఆయన తల ఊపి, తాళంచెవి తీసి అక్క చేతిలో పెట్టాడు. పెట్టిన చెయ్యి వెంటనే తీయలేదు. "దీన్ని దేంతోని తుడుస్తవ్?"

అక్క మైక్రోఫైబర్ బట్ట చూపించింది. నాయిన దాన్ని తీసుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు ఎత్తి పట్టి, అంచు కుట్టు చూశాడు. "నేత మంచిగ లేదు," అన్నాడు. మళ్లీ ఒకసారి నలిపి, "గని మెత్తగున్నది," అన్నాడు.

తరువాత కారు నాలుగు డోర్లూ, డిక్కీ తెరిచాడు. డాష్‌బోర్డు అరలోంచి నాలుగు గుడ్డముక్కలు తీశాడు. డ్రైవరు సీటు కింద ఐదు. డోర్ల అరల్లో ఒక్కోదానిలో రెండేసి. స్టెప్నీ కింద మడతపెట్టినవి నాలుగు, కొత్తవి, ముందుచూపుతో దాచినవి. వెనక సీటు సందులోంచి ఒకటి, అది ఎప్పటిదో ఆయనకే తెలియదు. అన్నిటినీ బల్ల మీదికి తెచ్చి, గుడ్డ తాను మడతపెట్టినట్టు ఒకదాని మీద ఒకటి సమంగా పరిచాడు. చివరికి భుజం మీదున్న ముక్క తీసి పైన వేశాడు. నేను లెక్కపెట్టాను.

ఇరవై మూడు.